ఆ రాయి ఏ ఊరిది?

మొన్న మే 18న మా ఊరి మ్యూజియంలో అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం జరిపారు. 1977 నుంచి ప్రపంచమంతా ఆ రోజే జరుపుకుంటోంది, మనమూ జరపాలన్నారు. పల్నాడులో మే 18 అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఆ మాట ఎలా అన్నారో నాకు అర్థం కాలేదు. రోహిణి కార్తెకు వారం రోజుల ముందు. పదకొండు కొట్టేసరికి వాకిట్లో నాపరాళ్ళు పెనంలా కాలుతుంటాయి. బళ్ళకు సెలవులు కాబట్టి పిల్లలు లేరు. పల్లెల నుంచి ఎవరూ గడప దాటరు. బ్యానర్ కట్టినవాళ్ళు, బ్యానర్ ముందు నిలబడ్డవాళ్ళు, వాళ్ళను ఫొటో తీసినవాళ్ళు, అంతే జనం. పన్నెండున్నరకు మజ్జిగ ప్యాకెట్లు తాగి తాళం వేశారు. లోపలున్న రాళ్ళ దగ్గరికి ఒక్కరూ వెళ్ళలేదు. నేను వెళ్ళాను. వెళ్ళినందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

నాకు డెబ్బై ఆరేళ్ళు. 1971లో ఈ ఊరి హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేరాను. ఊరి పేరు రాయడం లేదు. నా గోడు ఈ ఒక్క ఊరి గురించి కాదు, ఏ ఊళ్ళో చదివినా వాళ్ళ ఊరి గురించే అనుకుంటారు.

నేను చేరేనాటికే మ్యూజియం ఉంది. ఉందంటే, లైబ్రరీ వెనక రెండు గదులు. దాన్ని పెట్టింది ప్రభుత్వం కాదు. మా స్కూలు తెలుగు పండితుడు, మేమంతా పంతులుగారు అనేవాళ్ళం, ఆయన మొదలుపెట్టారు. ఆయన వెంట ధర్మాసుపత్రి కాంపౌండరు, పక్క ఊరి కరణంగారు, బజార్లో మిషను కుట్టే సాయిబుగారు, వడ్రంగి ఆచారిగారు. కరణంగారికి పాత లెక్కల రాత, గొలుసుకట్టు చదవడం వచ్చు. ఏ రాగి నాణేన్ని దేనితో తుడవకూడదో కాంపౌండరుకు తెలుసు. సాయిబుగారు మిగిలిన గుడ్డముక్కలతో నాణేలకు చిన్న చిన్న సంచులు కుట్టేవారు, ఒక్కో సంచికి ఒక్కో రంగు దారం. ఆచారిగారు మామిడి చెక్కతో అద్దాల పెట్టెలు చేశారు. అందులో రెండు ఇప్పటికీ ఉన్నాయి, తలుపు ఈడిస్తే చప్పుడు రాదు. ఎవరికీ జీతం లేదు, ఎవరి మెడలోనూ బ్యాడ్జీ లేదు. అప్పట్లో వాళ్ళను వాలంటీర్లని ఎవరూ అనలేదు. ఇవాళ వాలంటీరు అంటే మా జనానికి ముందు గుర్తొచ్చేది ఇంటికి పింఛను తెచ్చిచ్చిన పిల్లలు. ఆనాడు అడిగితే, “ఆయన పంతులుగారి మనిషి” అనేవాళ్ళు. నన్నూ అలాగే అన్నారు.

నెలకొక సభ జరిగేది, పౌర్ణమి నాడు. అందులో భక్తి ఏమీ లేదు. ఆరేడు మైళ్ళ దూరం నుంచి నడిచి వచ్చిన రైతులు రాత్రి తిరిగి వెళ్ళాలి, వెన్నెల ఉంటే డొంక కనిపిస్తుంది, అందుకు. ఉపన్యాసం ముప్పావు గంట మించకూడదని పంతులుగారి నియమం. అసలు సభ ఆ తర్వాత మొదలయ్యేది. చాప మీద తెల్ల దుప్పటి పరిచేవాళ్ళం. ఎవరి ఇంట్లో, ఎవరి చేలో ఏ పాత వస్తువు దొరికినా తెచ్చి ఆ దుప్పటి మీద పెట్టవచ్చు. పెట్టినవాడు అది ఎక్కడ దొరికిందో నలుగురి ముందు నిలబడి చెప్పాలి. నాగలికి తగిలిన ఇటుక, అటక మీది తాటాకులు, తాతగారి కొలత కుంచం, ఏవేవో వచ్చేవి. సగానికి సగం పనికిరానివే. అయినా పంతులుగారు ఏ వస్తువునూ తీసి పక్కన పెట్టేవారు కాదు. “చెప్పు నాయనా, ఏ గట్టు పక్కన?” అని అడిగేవారు. ఒకసారి కృష్ణ ఒడ్డున వల వేసే అతను గుప్పెడు సీసపు బిళ్ళలు తెచ్చాడు. కరిగించి వలకు బరువులు కట్టుకుందామనుకున్నాడట, అప్పటికే సగం కరిగించాడట. ఒక బిళ్ళ మీద ఏనుగు తొండం కనబడి ఆగాడు. సీసంతో నాణేలు కొట్టించినవాళ్ళు శాతవాహనులు. ఆ రాత్రి ఆ ఏనుగును చూడటానికి దుప్పటి చుట్టూ జనం ఒకరి భుజాల మీదుగా ఒకరు వంగారు. ఆ జాలరి మళ్ళీ ప్రతి పౌర్ణమికీ వచ్చాడు.

నిధి దొరికితే పోలీసులు పట్టుకుపోతారని పల్లెల్లో భయం ఉండేది. పది రూపాయల విలువ దాటిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది. పంతులుగారు ఆ చట్టం సంగతి దాచకుండా చెప్పి, కార్డు తానే రాసి, దొరికినవాణ్ణి వెంటబెట్టుకుని తాలూకాఫీసుకు వెళ్ళేవారు. 1976లో పురావస్తువుల చట్టం అమల్లోకి వచ్చి విగ్రహాలను నమోదు చేయించాలన్నప్పుడు కూడా చుట్టుపక్కల ఇళ్ళలో ఉన్నవాటికి మేమే ఫారాలు నింపాం. ఫొటోలు కావాలి కదా, బజారు స్టూడియో ఆయన కడిగే ఖర్చు మాత్రమే తీసుకున్నాడు.

పంతులుగారు ఏ సభలోనైనా ఒక కథ చెప్పకుండా ఉండేవారు కాదు. నాగార్జునకొండను లోకానికి చూపించింది ఒక బడిపంతులు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు అక్కడ ఒక పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. దాంతో శాసనాల శాఖ నుంచి మనుషులొచ్చారు. ఆ ఒక్క కబురుతో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయటపడింది. సాగర్ కడుతున్నారు, లోయ మునుగుతుందని తెలిశాక, 1954 నుంచి 1960 దాకా తవ్వి, వీలైనన్ని కట్టడాలను విప్పి కొండ మీదికీ అనుపుకూ చేర్చారు. ఆ పంతులు ఆ రోజు స్తంభాన్ని చూసి, మనకెందుకులే అని నడిచి వెళ్ళిపోయుంటే? ఎన్నిసార్లు విన్నా ఈ మాట దగ్గర నా ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు తలచుకున్నా అంతే.

ఇవన్నీ పెద్దవాళ్ళు, నిపుణులు చూసుకోవలసిన పనులు అంకుల్, అని మొన్న ఒక కుర్రాడన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ మన దగ్గర ఈ పని మొదలైందే నిపుణులు కానివాళ్ళ చేతుల్లో. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి 900 ఏళ్ళు నిండాయని 1922లో రాజమహేంద్రవరంలో పండుగ చేసుకున్నారు. ఆ ఏడాదే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. చిలుకూరి వీరభద్రరావు, రాళ్ళబండి సుబ్బారావు, భావరాజు వెంకట కృష్ణారావు వంటివాళ్ళు దాన్ని నిలబెట్టారు. భావరాజు వారు వకీలు. 1926 నుంచి వాళ్ళు ఇంగ్లీషులో పత్రిక నడిపారు. వాళ్ళు పోగేసిన వస్తువులే తర్వాత మ్యూజియమయ్యాయి, 1967లో ప్రభుత్వం తీసుకుంది. ఇవాళ అది గోదావరి ఒడ్డున రాళ్ళబండి వారి పేరుతోనే ఉంది. 1923లో కొమర్రాజు లక్ష్మణరావు పోయాక హైదరాబాదులో ఆయన పేరిట పరిశోధక మండలి నడిపి, నిజాం రాజ్యంలో ఊరూరా శాసనాలు వెతికి, 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చు వేసినవాళ్ళూ ఇలాంటివాళ్ళే. కాలి నడక, సొంత ఖర్చు. మా పంతులుగారు వాళ్ళందరినీ తన మేనమామల్లా తలుచుకునేవారు.

శాసనం అచ్చు తీయడం నాకు ఆయనే నేర్పారు. ముందు రాతిని కొబ్బరి పీచుతో, మంచినీళ్ళతో కడగాలి. ఇనుము తగలకూడదు. అక్షరం సందుల్లో ఉన్న మట్టిని వెదురు పుల్లతో మెల్లగా తీయాలి. తడిపిన దళసరి కాగితాన్ని రాతి మీద పరిచి, మెత్తటి బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు కొట్టుకుంటూ పోవాలి, గాలి బుడగ మిగలకుండా. కాగితం అక్షరంలోకి దిగుతుంది. సగం ఆరాక, దూది పెట్టి గుడ్డతో కట్టిన ఉండను మసి సిరాలో అద్ది, ముందు వేరే పలక మీద ఒత్తి ఎక్కువైన సిరా వదిలించి, అప్పుడు కాగితం మీద తట్టాలి. రుద్దితే చిరిగిపోతుంది. తడుతూ పోతుంటే నల్లటి కాగితంలోంచి తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే పైకొస్తాయి. మొదటిసారి నాకు ‘స్వస్తి’ అని రెండక్షరాలు కనబడ్డప్పుడు పంతులుగారు నా వీపు తట్టి ఏమీ అనకుండా పక్కకు వెళ్ళి నిలబడ్డారు. ఒక్క అచ్చుకు మూడు గంటలు పట్టేది. మధ్యలో గుడి పూజారిగారి ఇంటి నుంచి పులిహోర వచ్చేది. చుట్టూ చేరిన పిల్లలకు నీళ్ళు మోసే పని.

కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, అయిదు రోజులూ జనం. ఆ అచ్చులు చుట్టుకుని మేమూ అక్కడికి వెళ్ళి, తాడు కట్టి వేలాడదీసి, మీ ఊళ్ళో ఇలాంటి రాయి ఉందా అని వచ్చినవాళ్ళనల్లా అడిగేవాళ్ళం. ఉందని చెప్పినవాడి ఊరికి మళ్ళీ ఆదివారం సైకిళ్ళు వేసుకుని ప్రయాణం. జనం ఉన్న చోటికి మ్యూజియం వెళ్ళేది.

ఇక రిజిస్టరు సంగతి. అన్నిటికంటే పంతులుగారి ప్రాణం దాని మీదే ఉండేది. ఎర్ర గుడ్డ అట్ట, అడ్డంగా పొడవైన కాగితాలు. అందులో నేను నా చేత్తో రాసిన ఒక పద్దు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను:

“నం. 112. వీరగల్లు, పై భాగం విరిగింది. సున్నపురాయి. ఎత్తు రెండడుగుల నాలుగంగుళాలు. కత్తి పట్టిన వీరుడు, పక్కన కుక్క. చెరువు తూముకు తూర్పున పన్నెండు అడుగుల దూరంలో బోర్లా పడి ఉన్నది. వెనక వైపు బట్టలు ఉతుకుతున్నారు. ఇచ్చినవారు చాకిరేవు పెద్దమ్మగారు. బదులుగా నాపరాయి పలక ఒకటి ఇచ్చినాము.”

ఆ పెద్దమ్మ రాయి ఇవ్వనంది. నలభై ఏళ్ళుగా ఆ బండ మీద ఉతుకుతోంది, దాని వాలు ఆమె చేతికి అలవాటు. దేవుడి బొమ్మ ఉందమ్మా అంటే, ఆయన బోర్లా ఉన్నాడు కాబట్టి ఇన్నాళ్ళూ మా చాకిరీ చూళ్ళేదు, ఉండనీయండి, అంది. పంతులుగారు వాదించలేదు. ఆ వాలును మూరతో కొలుచుకుని, క్వారీకి వెళ్ళి అదే వాలుతో నాపరాయి చెక్కించి, బండి మీద తెచ్చి, ఆమె చేత ఒక చీర ఉతికించి చూసి, సరిపోయిందన్నాకే వీరగల్లును కదిలించారు. బండి కూలీ పద్దెనిమిది రూపాయలు ఆయన జీతంలోంచి పోయింది. ఆమెకు బాకీ పడకుండా తెచ్చుకున్న రాయి అది.

ఇప్పుడు మే 18 రాత్రి నాకు నిద్ర ఎందుకు పట్టలేదో చెబుతాను.

అంతకు నెల ముందు మ్యూజియంలో శ్రమదానం పెట్టారు. ఎవరు పెట్టారో రాయను. నలభై మంది కాలేజీ పిల్లలు ఒకే రంగు టీషర్టులతో వచ్చారు. వాళ్ళకు సామాజిక సేవ గంటలు లెక్కట, సర్టిఫికెట్లు ముందే అచ్చయి వచ్చాయి. పిల్లల మీద నాకు కోపం లేదు. ఎండలో ఒళ్ళు దాచుకోకుండా పనిచేశారు. కానీ చెప్పే మనిషి లేడు. చేతికి ఇనుప బ్రష్షులిచ్చారు, బాత్రూంలు కడిగే యాసిడ్ డబ్బాలిచ్చారు. మావి సున్నపురాళ్ళు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది కూడా ఈ పల్నాటి సున్నపురాయి మీదే. యాసిడ్ పోస్తే రాయి బుసబుసమని పొంగుతుంది. మురికి వదులుతోందనుకుని పిల్లలు సంబరంగా ఇంకా పోశారట. వదిలింది మురికి కాదు, రాయి. నాలుగు పంక్తుల దానశాసనం ఒకటి ఉండేది. ఇప్పుడు దాని మీద చెయ్యి పెడితే గరుకు మాత్రమే తగులుతుంది, అక్షరం తగలదు. ఎనిమిది వందల ఏళ్ళు వానకూ ఎండకూ నిలబడ్డ మాట మధ్యాహ్నం భోజనాల వేళకు పోయింది. 1974లో మేము తీసిన కాగితపు అచ్చు నా ట్రంకు పెట్టెలో లేకపోతే అందులో ఏముందో ఇక ఎవరికీ తెలిసేది కాదు.

ప్రతి రాయి వెనకా తెల్ల రంగుతో రిజిస్టరు నంబరు రాసి ఉండేది. అవీ పోయాయి, మరకలనుకున్నారు. పోనీ రిజిస్టరుందా అంటే, బీరువా అడుగు అరలో ఉంది. తెరిచి చూస్తే మొదటి సగం చెదల పాలు. పేజీ పట్టుకుంటే పొడిగా రాలింది. కొత్త జాబితా కంప్యూటర్లో ఎక్కించారు కదా అన్నారు. చూపించమన్నాను. ఫొటోలు అద్దంలా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కింద ‘రాతి శిల్పం 1’, ‘రాతి శిల్పం 2’, కొలతలు, అంతే. ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు అనే గడే లేదు. 112వ నంబరు వీరుడు ఇప్పుడు ‘రాతి శిల్పం 31’. బోర్డు మీద ‘వీరగల్లు, మధ్యయుగం’. ఏ ఊరి చెరువు కోసమో, ఏ మంద కోసమో ప్రాణమిచ్చిన మనిషి అతను. ఊరి పేరు తీసేశాక అతనికి ఇంకేం మిగిలింది? ఊరు తెలియని రాయి మ్యూజియంలో ఉన్నా ఒకటే, రోడ్డు పక్కన కంకరలో ఉన్నా ఒకటే.

ఇదీ నా బాధ. టీషర్టులు, బెలూన్లు, సెల్ఫీ చట్రాలు, డ్రోన్లు నాకు నచ్చవు, కానీ వాటి గురించి నేనింత కాగితం ఖర్చు చెయ్యను. మా సభకు వచ్చేవాడు చేత్తో ఒక వస్తువో, నోట్లో ఒక కబురో పట్టుకొచ్చేవాడు. ఇప్పుడొచ్చేవాళ్ళు ఫొటో పట్టుకెళ్తున్నారు. వచ్చినవాణ్ణి నీ దగ్గరేముంది, మీ ఊరి చెరువు పేరేమిటి అని అడిగే మనిషి గుమ్మంలో లేడు. అడిగితే చెబుతారు. మనవాళ్ళు చెప్పడానికి వెనకాడే జనం కాదు.

మా రోజుల్లో అన్నీ బాగున్నాయని నేననను. పౌర్ణమి సభలకు ఆడవాళ్ళు రాలేదు, మేము పిలవనూ లేదు. ఆ చాకిరేవు పెద్దమ్మను కూడా రాయి అడిగామే గాని సభకు రమ్మని అడగలేదు. ఆమెకు తెలిసిన పాటలు, ఆ చెరువు ముచ్చట్లు ఎన్ని ఉండేవో! అవి ఏ రిజిస్టర్లోనూ లేవు. అది మేము చేసిన తప్పు, దిద్దుకోవడానికి ఆమె లేదు.

శ్రమదానానికి వచ్చిన నలభై మందిలో ఒక అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం, నన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. “ఆ నురగ చూస్తే నాకు అనుమానమొచ్చింది తాతగారూ, కెమిస్ట్రీ చదువుతున్నాను కదా. అయినా ఆపమని చెప్పలేకపోయాను,” అంటూ గుమ్మంలోనే ఏడ్చింది. లోపలికి రమ్మని కాఫీ ఇప్పించాను. ఆ రోజే కొత్త రిజిస్టరు కొన్నాం. ఎర్ర గుడ్డ అట్టది దొరకలేదు, లావుపాటి లెడ్జరు తెచ్చింది. నేను గుర్తున్నది చెబుతున్నాను, ఆ అమ్మాయి రాస్తోంది, ఫొటో అతికిస్తోంది. పాత రిజిస్టర్లో చెదలు ముట్టని రెండో సగాన్ని మొదటి వారంలోనే ఎక్కించేశాం. మొదటి సగం నా తలకాయలోంచి రావాలి. కొన్ని వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. పంతులుగారు లేరు, కాంపౌండరు లేరు. సాయిబుగారి అబ్బాయిని అడిగితే, మూడు సంచుల దారం రంగు చూసి ఏ ఊరి నాణేలో చెప్పాడు, వాళ్ళ నాన్న చిన్నప్పుడు చెప్పారట.

పోయిన ఆదివారం 112 కోసం వెళ్ళాం. చెరువు సగానికి పూడిపోయింది. తూము పక్కన రేవు లేదు, ఇప్పుడు అందరిళ్ళలోనూ మిషన్లే. తుమ్మ చెట్ల కింద నాపరాయి పలక మాత్రం ఉంది. మధ్యలో అరిగి, చేటలా లోతు పడింది. పంతులుగారు కొలిపించిన వాలు అలాగే ఉంది. ఆ అమ్మాయి టేపు పెట్టి తూము నుంచి కొలిచింది. పన్నెండడుగులు.

ఇంకా అరవై ఒక్క రాళ్ళకు ఊరు తెలియదు. వాటి ఫొటోలు పెద్దవాళ్ళ కళ్ళకు ఆనేలా పెద్దగా ప్రింటు వేయించాం. వచ్చే ఆదివారం ఏడు గంటల బస్సుకు పై పల్లెలకు బయలుదేరుతున్నాం. ముందు రచ్చబండ దగ్గర, తర్వాత డ్వాక్రా మీటింగు దగ్గర పరుస్తాం. తెల్ల దుప్పటి మా ఇంట్లోనే ఉంది, ఉతికించి పెట్టాను.